మేకుకి తగిలించిన జడలు

పొద్దున్నే ఆరింటికి బాత్రూంలోంచి అమ్మ కేక. పాము దూరిందేమోనని కర్ర పట్టుకుని పరిగెత్తా. పాము కాదు, మేకుకి వేలాడుతున్న నా డ్రెడ్‌లాక్స్. ముందు రోజు రాత్రి ఉతికి, నీళ్లు ఓడుతున్నాయని అక్కడ తగిలించి మర్చిపోయా. లైటు వేయగానే ఎదురుగా పదహారు నల్లటి తోకలు కనిపిస్తే ఎవరైనా అరుస్తారు మరి.

"ఒసేయ్, గుండె ఆగి చచ్చేదాన్నే! జుట్టు చిక్కు తీసుకోవే అని ఇరవై ఏళ్లు మొత్తుకున్నా. నువ్వేమో కూర్చుని మరీ చిక్కు పెడుతున్నావు" అంది.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. నేను మూడు నెలలు కూర్చుని మరీ చిక్కు పెట్టా. ఎందుకో చెప్పాలంటే ముందు నా జ్వరం గురించి చెప్పాలి.

దిండు మీద జుట్టు

మాది ఏలూరు, పవర్‌పేట. ఉద్యోగం తాడేపల్లిగూడెంలో, ఒక ప్రైవేటు ఆఫీసులో. రోజూ రైల్లో వెళ్లి రావడమే. దెందులూరు, భీమడోలు, పూళ్ల దాటుకుంటూ పోతుంటే కిటికీ పక్కన సీటు దొరికిన రోజు నాకు పండగ. రెండేళ్ల కిందట వానాకాలంలో టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు మంచం మీదే ఉన్నా. తగ్గింది. మళ్లీ డ్యూటీకి వెళ్లా. గండం గడిచింది అనుకున్నా.

రెండున్నర నెలల తర్వాత మొదలైంది అసలు గండం. దువ్వెన పెడితే గుప్పెడు. తలస్నానం చేస్తే జాలీ మూసుకుపోయేది. పొద్దున లేస్తే దిండు మీద, అన్నం తింటే కంచంలో, రైల్లో పక్కావిడ చీర మీద కూడా నా జుట్టే. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే అని తెలుసు. కానీ ఇది లెక్కపెట్టే స్థాయి దాటిపోయింది.

డాక్టరుగారు తల చూసి, "జ్వరం ఎప్పుడొచ్చింది?" అని అడిగారు. నేను జుట్టు గురించి వచ్చానండీ అంటే, "నేనూ దాని గురించే అడుగుతున్నా" అన్నారు. మన తలమీద వెంట్రుకల్లో చాలా భాగం పెరిగే దశలో ఉంటాయట, కొన్ని విశ్రాంతి దశలో. పెద్ద జ్వరమో, ఆపరేషనో, కాన్పో వచ్చి ఒంటికి గట్టి దెబ్బ తగిలితే, పెరగాల్సినవి కూడా మూకుమ్మడిగా విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. రెండు మూడు నెలలకి అన్నీ కలిసి రాలతాయి. దీని పేరు టెలోజెన్ ఎఫ్లూవియం. కుదుళ్లు చచ్చిపోవు, మళ్లీ వస్తాయి, ఓపిక పట్టాలి అన్నారు.

ఓపిక పట్టొచ్చు. కానీ ఆఫీసులో నా సీటు ఫ్రంట్ డెస్క్. పాపిడి వెడల్పయిపోయి ట్యూబ్‌లైటు కింద మాడు కనిపిస్తోంది. ఒకరోజు పై ఉద్యోగి ఒకరు, "కస్టమర్లకి ముందు కనిపించేది నువ్వే కదమ్మా, కొంచెం చూసుకో" అన్నారు. తిట్టలేదు, మర్యాదగానే చెప్పారు. అందుకే ఇంకా గుచ్చుకుంది. ఆ రోజు తిరుగు రైల్లో చున్నీ నెత్తి మీద నుంచి తీయలేదు.

అక్కా, మీ జడ!

అమ్మ దగ్గర ప్రతి సమస్యకీ బీరువాలో ఒక సమాధానం ఉంటుంది. దీనికీ దొరికింది. తన పెళ్లినాటి సవరం. పాత నైలెక్స్ చీర ముక్కలో చుట్టి, కలరా ఉండలు వేసి దాచింది.

సవరం అంటే తెలియని వాళ్లు ఇప్పుడు ఉండొచ్చు. పూలజడ వేయాలన్నా, జడగంటలు కట్టాలన్నా కింద జుట్టు నిండుగా ఉండాలి కదా. లేకపోతే సవరం కలిపి అల్లేస్తారు. మన కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి సవాలు విసురుతుంది. ఆ సత్యభామ వేషంలో మొత్తం దేశాన్నే మెప్పించిన వేదాంతం సత్యనారాయణ శర్మగారు మగాయన. మరి ఆ జడ ఎక్కడిది? పెట్టుడు జుట్టు మనకేమీ కొత్త కాదు.

కాకపోతే సవరానికి ఒకటే రూలు. పెట్టుకున్నట్టు ఎవరికీ తెలియకూడదు.

నేను ఆ రూలు ఎనిమిది రోజులు పాటించా. తొమ్మిదో రోజు తాడేపల్లిగూడెం స్టేషన్‌లో రైలు దిగుతుంటే తోపులాట. నాలుగడుగులు వేశాక వెనక నుంచి ఒక చిన్న పిల్లాడి గొంతు: "అక్కా! అక్కా! మీ జడ పడిపోయింది!" వాడి చేతిలో మూరెడు సవరం. ప్లాట్‌ఫాం అంతా తిరిగి చూసింది. వాడి తప్పేమీ లేదు, పర్సు పడిపోతే ఎలా ఇస్తారో అలాగే తెచ్చి ఇచ్చాడు. థాంక్స్ చెప్పి టిఫిన్ బ్యాగులో కుక్కుకున్నా. ఆఫీసుకి వెళ్లే దారంతా చెవుల్లో అదే మాట.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్ చూస్తుంటే ఒక రీల్ వచ్చింది. ఒకమ్మాయి డ్రెడ్‌లాక్స్ గుత్తిని టోపీ తీసినట్టు తీసి బల్ల మీద పెట్టి, నవ్వి, మళ్లీ పెట్టుకుంది. దాచడం లేదు. ఇది పెట్టుడుదేనని అందరికీ చూపించి మరీ పెట్టుకుంటోంది. నాకు కావాల్సింది అదే అనిపించింది. పడిపోతే పరువు పోనిది.

స్టీలు గిన్నెల జుట్టు

ఆన్‌లైన్‌లో ధర చూస్తే కళ్లు తిరిగాయి. మరి సొంతంగా చేద్దామంటే జుట్టు ఎక్కడిది? ఉన్నదే రాలిపోతోంది కదా అనుకుని, ఆ మాట దగ్గరే ఆగిపోయా. రాలిపోయింది ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు. మా ఇంట్లో వరండా కిటికీ పైన ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. దువ్వెనకి వచ్చిన జుట్టుని అమ్మ వేలికి చుట్టి, ఉండ చేసి అందులో దోపుతుంది. "చిక్కు వెంట్రుకలకి స్టీలు సామాన్లూ" అని కేక వినపడితే బయటికి తీస్తుంది. మా వంటింట్లో రెండు గిన్నెలు, ఒక గరిటె అలా వచ్చినవే.

ఆ జుట్టు తర్వాత ఎక్కడికి వెళ్తుందో తెలుసా? దాని వెనక చాలా పెద్ద వ్యాపారం ఉంది. మన ఏలూరు కూడా తలవెంట్రుకలు శుద్ధి చేసి విదేశాలకి పంపే ఊళ్లలో ఒకటి. తిరుమలలో భక్తులు ఇచ్చిన తలనీలాలు వేలంలో పోతాయి. వాటిని కుదురు ఒకవైపు, కొస ఒకవైపు ఉండేలా కట్టలు కడతారు. దాన్ని రెమీ అంటారు, ఖరీదెక్కువ. మనం దువ్వెనలోంచి తీసిన చిక్కు జుట్టు వేరే రకం. దాన్ని ఆడవాళ్లు రోజంతా కూర్చుని సూదితో, వేళ్లతో చిక్కు విప్పుతారు. తర్వాత పొడవుల వారీగా వేరు చేస్తారు. అందులో కొన్ని వెంట్రుకలు తలకిందులుగా, కొన్ని తిన్నగా ఉంటాయి. అందుకే మళ్లీ మళ్లీ చిక్కుపడుతుంది, ధర తక్కువ పలుకుతుంది.

కారణం చిన్నదే. వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది. పొలుసులన్నీ కొస వైపే వాలి ఉంటాయి. అన్ని వెంట్రుకలూ ఒకే దిక్కుగా ఉంటే జారిపోతాయి. ఎదురెదురుగా ఉంటే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. విగ్గు చేసేవాళ్లకి అది తలనొప్పి. డ్రెడ్‌లాక్‌కి మాత్రం అదే కావాలి! తక్కువ రకం అని ప్రపంచం పక్కన పెట్టిన జుట్టే నాకు మొదటి రకం.

కవరు దించా. జ్వరానికి ముందు అమ్మదీ నాదీ, జ్వరం తర్వాత ఎక్కువగా నాదే. రాలినప్పుడల్లా ఏడిపించిన జుట్టుని మొదటిసారి ఏడవకుండా చేతిలోకి తీసుకున్నా.

ఒక జడకి ముప్పావుగంట

చేసిన పద్ధతి చెబుతా. చేయాలనుకునే వాళ్లకి పనికొస్తుంది.

ముందు జుట్టుని గోరువెచ్చని నీళ్లలో షాంపూతో రెండుసార్లు ఉతికా. కండిషనర్ వేయకూడదు, జారుడు వస్తే చిక్కు నిలవదు. గూడెం ఉల్లిపాయల మార్కెట్‌కి పేరు కదా, ఉల్లిపాయలు వచ్చే ఎర్ర నెట్టు సంచి ఒకటి దాచి ఉంచా. జుట్టుని అందులో వేసి ఉతికితే ఒక్క పోగు కూడా కాలవలో కలవదు. అదే సంచిని దండెం మీద వేస్తే ఆరిపోతుంది.

జుట్టు ఒక్కటే అయితే సరిపోదు, బరువు కూడా. అందుకే లోపల ఊలు పెట్టా. ఏలూరు తివాచీలకి పెట్టింది పేరు. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లు ఆ విద్య తెచ్చారని చెబుతారు. నా ఫ్రెండ్ వాళ్ల తాతగారు ఒకప్పుడు తివాచీలు నేసినాయన. వాళ్ల అటక మీద మిగిలిన ఊలు ఉండలు అడిగి తెచ్చుకున్నా. గొర్రె ఊలుకీ పొలుసులుంటాయి, అది కూడా జుట్టుని పట్టుకుంటుంది.

ఊలు పోగులు నాలుగు తీసుకుని మధ్యకి మడిస్తే పైన ఒక ఉచ్చు వస్తుంది. ఆ ఉచ్చు జాగ్రత్త, రేపు తగిలించేది దాంతోనే. ఊలు చుట్టూ జుట్టు పలచగా పరిచి, సన్న పళ్ల దువ్వెనతో కొస నుంచి పైకి వెనక్కి దువ్వాలి. అమ్మ భాషలో చెప్పాలంటే "చిక్కు పెట్టాలి". తర్వాత రెండు అరచేతుల మధ్య వత్తి చేసినట్టు తిప్పాలి. ఆపైన అసలు పని, క్రోషే సూది. 0.75 మిల్లీమీటర్ల సన్న సూది తీసుకున్నా. దాన్ని అడ్డంగా గుచ్చి, బయటికి లేచిన వెంట్రుకల్ని కొక్కెంతో లోపలికి లాగాలి. గుచ్చు, లాగు, తిప్పు. మళ్లీ గుచ్చు.

మొదటి జడకి రెండు గంటలు పట్టింది, చూడ్డానికి గిన్నెలు తోమే పీచులా ఉంది. ఐదోదానికి చెయ్యి తిరిగింది. తర్వాత ఒక్కోదానికి ముప్పావుగంట. వేళ్లకి ఎన్ని పోట్లు పడ్డాయో లెక్కలేదు. రాత్రి అన్నాలయ్యాక అమ్మ సీరియల్ చూస్తుంటే పక్కన కూర్చుని అల్లేదాన్ని. మొదట మూతి తిప్పిన మనిషి, పదో జడ నాటికి "ఇటియ్, ఇక్కడ వదులుగా ఉంది" అనడం మొదలుపెట్టింది.

పదహారు అయ్యాయి. కింద కిరాణా కొట్లో తూకం వేయిస్తే 140 గ్రాములు. కొట్టాయన ఏమిటని అడగలేదు. అడగకపోవడమే మంచిదని ఆయన మొహంలోనే కనిపించింది.

అమ్మమ్మ ముడి

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఉచ్చులన్నీ ఒక ఎలాస్టిక్‌కి గుచ్చి, నా పిలక చుట్టూ బిగించి కట్టేశా. అద్దంలో చూసుకుంటే అదిరిపోయింది. మూడు గంటలయ్యాక కుదుళ్లు సలపరం. విప్పితే ఎలాస్టిక్‌కి చుట్టుకుని కొత్తగా వచ్చిన నా బుల్లి వెంట్రుకలు! జుట్టుని అదే పనిగా లాగితే కుదుళ్లే దెబ్బతింటాయి. ఆ రకం రాలడాన్ని ట్రాక్షన్ అలోపేషియా అంటారు. అది ముదిరితే పోయిన జుట్టు తిరిగి రాదు కూడా. పలచబడిన జుట్టుకి 140 గ్రాములు వేలాడదీశానంటే నా తెలివి చూడండి.

ఆ ఆదివారం మా అమ్మమ్మ ఊరికి వెళ్లాం. కైకలూరు దగ్గర కొల్లేటి లంక ఊరు. పెదఎడ్లగాడి వంతెన మీద బస్సు నెమ్మదించినప్పుడు కిందికి చూస్తే నీళ్లు కనబడవు, గుర్రపుడెక్కే. ఒక మొక్కని పీకి చూశారా ఎప్పుడైనా? కింద నల్లటి వేళ్లు, సన్నటి పీచుతో జడలు కట్టి వేలాడతాయి. అచ్చం నా బ్యాగులో ఉన్నవాటిలాగే.

అమ్మమ్మ వయసులో ఉండగా వలలు అల్లిన మనిషి. ఇప్పుడు చూపు ఆనదు, వేళ్లకి మాత్రం ఏదీ మరుపు రాలేదు. నా గుత్తిని ఒళ్లో వేసుకుని తడిమింది. భయపడలేదు, వింతపడలేదు. "బాగా బిగించావే" అంది. తర్వాత, "బరువంతా ఒక్కచోట వేశావేంటే పిచ్చిమొహమా? వలకి పైతాడు ఎందుకుంటది? బరువంతా తాడు పొడుగునా పంచుకుంటది. నువ్వు పిలక్కి కాదు, తలకి కట్టు" అంది.

అంతే. వెడల్పాటి నల్ల గుడ్డ పట్టీ తీసుకున్నాం. నుదుటి పైనుంచి మెడ వెనక్కి వచ్చేలా కొలిచి, వెనక భాగంలో పదహారు జడల్నీ వరసగా కట్టాం. ఉచ్చులోంచి దారం దూర్చి, మెలిపెట్టి, లాగితే బిగిసే ముడి. వల ముడి. కొన్ని అమ్మమ్మ వేసింది, కొన్ని నేను వేశా. ఎవరివి ఏవో ఇప్పటికీ చెప్పగలను, ఆవిడవి ఒక్కటీ వదులవలేదు. ఇప్పుడు బరువు తలంతా మోస్తుంది, జుట్టు మీద పడదు. అయినా నాలుగు గంటలకి మించి పెట్టుకోను. ఉతికితే లోపలి దాకా ఆరేవరకు వాడను. మన ఉక్కకి తడి మిగిలిందంటే ముక్కవాసన ఖాయం.

కొల్లేటికోటలో ఒక నమస్కారం

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. అమ్మమ్మని తీసుకుని వెళ్లాం. నేను డ్రెడ్స్ పెట్టుకునే వెళ్లా. కుర్రాళ్లు వీడియోలు తీశారు, పిల్లలు లాగి చూశారు, ఒకావిడ "ఎంత పడింది?" అని అడిగింది. అన్నీ బాగానే ఉన్నాయి.

జీళ్ల కొట్టు దగ్గర ఒక పెద్దావిడ నా ముందు ఆగింది. జడల వంక చూసింది. చేతిలో సంచి కింద పెట్టి, రెండు చేతులూ జోడించి నాకు దణ్ణం పెట్టింది. "తల్లీ, ఎప్పుడు కట్టినాయమ్మా జడలు? మా మనవరాలికి ఒంట్లో బాగుంటల్లేదు..."

నాకు నోట మాట రాలేదు. జుట్టు జడలు కడితే అమ్మవారు వచ్చిందని నమ్మేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర ప్రాంతాల్లో ఆ నమ్మకంతోనే ఎంతోమంది ఆడపిల్లల్ని ఎల్లమ్మ పేరున జోగినులుగా వదిలేశారు. నూనె లేకనో, రోగం వల్లనో, దువ్వే దిక్కు లేకనో కట్టిన జుట్టు ఆ పిల్లల బతుకునే రాసేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. వాళ్లకి జడలు తీసి పక్కన పెట్టే వీలు లేదు. కత్తెర వేస్తే అమ్మవారికి కోపం వస్తుందని భయపెట్టేవాళ్లు.

నేను పట్టీ పట్టుకుని డ్రెడ్స్ తీసేశా. ఆవిడ చేతిలో పెట్టా. పలచటి నా తల, అప్పుడప్పుడే వస్తున్న పొట్టి వెంట్రుకలతో సహా అంత జనంలో బయటపడింది.

"పెట్టుడుదండీ. నా రాలిన జుట్టుతో నేనే చేసుకున్నా. జ్వరమొచ్చి ఊడింది" అన్నా.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఊలు పోగు ఒకటి లాగి చూసింది. "ఓసినీ... సవరమా!" అని నోరారా నవ్వింది. తర్వాత నా తల మీద చెయ్యి వేసి నిమిరి, "గుంటగలగరాకు రాయమ్మా, వచ్చేత్తాది" అంది. మనవరాలిని గుడికి కాదు, ముందు ఆస్పత్రికి తీసుకెళ్లమని చెప్పా. తల ఊపింది. తీసుకెళ్లిందో లేదో తెలీదు.

జ్వరం తర్వాత ఇంటి బయట నా తలని నేను దాచుకోకుండా నిలబడింది ఆ రోజే. స్టేషన్‌లో సవరం పడిపోయినప్పుడు తల కొట్టేసినట్టయింది. ఇక్కడ నా చేత్తో నేనే తీశా, ఏమీ అనిపించలేదు. రెండూ పెట్టుడు జుట్టే కదా, తేడా ఎక్కడుందో అర్థమైంది.

నాది కానిది

డ్రెడ్‌లాక్స్ అనగానే బాబ్ మార్లే గుర్తొస్తాడు. జమైకాలో రస్తఫారీలకి అది స్టైలు కాదు, విశ్వాసం. నల్లజాతి వాళ్లని అమెరికాలో ఇదే జుట్టు ఉందని స్కూళ్లలో, ఉద్యోగాల్లో పక్కన పెట్టినందుకే 2019లో కాలిఫోర్నియా క్రౌన్ యాక్ట్ తెచ్చింది, జుట్టు చూసి వివక్ష చూపకూడదని. నేను సోమవారం పొద్దున మేకుకి తగిలించి ఆఫీసుకి పోతా. వాళ్లు అలా పోలేరు. ఫొటో పెట్టి "రెబెల్" అని క్యాప్షన్ రాయబోయి, ఈ సంగతి గుర్తొచ్చి చెరిపేశా. "రాలిన జుట్టు, ఏలూరు ఊలు, అమ్మమ్మ ముడులు" అని రాశా.

నా జుట్టు ఇప్పుడు చాలావరకు వచ్చేసింది. పాపిడి సన్నబడింది. ఆఫీసులో ఎవరూ ఏమీ అనడం లేదు. డ్రెడ్స్ అవసరం తీరిపోయినట్టే. అయినా శనివారం సాయంత్రం రైలెక్కగానే బ్యాగులోంచి తీసి పెట్టుకుంటా. పవర్‌పేటలో దిగేసరికి మా వీధి పిల్లలు "జడలక్క వచ్చింది" అని అరుస్తారు.

మొన్న ఆదివారం వీధిలో కేక వినపడింది. "చిక్కు వెంట్రుకలకి స్టీలు సామాన్లూ..." అమ్మ గుమ్మంలోకి వెళ్లింది. కిటికీ పైన కవరు మళ్లీ సగం నిండింది. ఆ మనిషి మూత ఉన్న మంచి గిన్నె ఒకటి చూపించాడు. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, అడుగు తట్టి చూసి, తిరిగి ఇచ్చేసింది.

"లేదు బాబూ, ఈసారికి ఇవ్వను. మా అమ్మాయి ఇంకో నాలుగు జడలు కట్టాలంటోంది" అంది.

నేను అలా అనలేదు. కానీ సూది ఎక్కడుందో వెతకడానికి లేచా.